బండి ఎత్తు సరిగ్గానే ఉంది, మరి కుదుపెందుకు?

మా ఎమ్మెస్సీ సీనియర్ ఒకాయన జర్మనీలో ఉద్యోగం చేస్తున్నారు. ఆరేళ్ల కిందట ఒక ఆదివారం సాయంత్రం ఫోన్ చేసి, “బాయిల్ నియమం గుర్తుందిరా?” అని అడిగారు. పిల్లల హోంవర్కేమో అనుకున్నాను. కాదు, కారు గొడవ.

ఆయన దగ్గర 1992 నాటి సిట్రోయెన్ బీఎక్స్ బ్రేక్ ఉండేది. ఈ ‘బ్రేక్’ కారును ఆపే బ్రేకు కాదు. స్టేషన్ వ్యాగన్‌ను ఫ్రెంచివాళ్లు పిలుచుకునే పేరు అది. జర్మన్లు కాంబి అంటారు, ఇంగ్లిషువాళ్లు ఎస్టేట్ అంటారు. మామూలు కారు పైకప్పును డిక్కీ చివరిదాకా సాగదీసి, వెనక పైకి తెరుచుకునే తలుపు పెడితే అదే వ్యాగన్. పాత బండి, చవకగా వచ్చింది, ఇద్దరు పిల్లలు, సెలవులకు గుడారంతో సహా ప్రయాణం. ఆయనకు అంతకన్నా ఏం కావాలి? కొన్న కొత్తలో అది పడవలా తేలుతోందని మురిసిపోయారు. నాలుగేళ్లయ్యేసరికి ఎడ్లబండిలా కొట్టడం మొదలెట్టింది. వెనక సీట్లో పిల్లలు కూర్చోలేమన్నారు.

ముందు టైర్లు మార్చారు. తేడా లేదు. దగ్గర్లో ఉన్న మెకానిక్ షెడ్డుకు తీసుకెళ్తే, వాళ్లు నాలుగు చక్రాల దగ్గరా నేల నుంచి ఎత్తు కొలిచి, అంతా సరిగ్గా ఉంది, పాత బండి కదా అన్నారు. ఇంకో రెండు వారాల్లో ఆల్ప్స్ పర్వతాలు దాటి ఇటలీ వెళ్లాలని ఆయన ప్రణాళిక. “ఎత్తు తగ్గలేదంటే స్ప్రింగు బాగున్నట్టే కదా అన్నా?” అన్నాను, తెలిసీ తెలియక. ఆయన నవ్వారు. “దీంట్లో ఉక్కు స్ప్రింగే లేదురా. గ్యాస్ ఉంది. అందుకే నీకు ఫోన్ చేశా.”

ఆ రాత్రి ఇద్దరం కలిసి వేసిన లెక్కలే ఈ వ్యాసానికి ఆధారం.

వ్యాగన్‌కు బరువే సమస్య

మన దగ్గర స్టేషన్ వ్యాగన్లు పెద్దగా నిలదొక్కుకోలేదు. 1992లో వచ్చిన టాటా ఎస్టేట్ కొందరికి గుర్తుండొచ్చు. ఆ తరవాత ఒకటి రెండు విదేశీ కంపెనీలు తెచ్చినా కొన్నవాళ్లు తక్కువ. ఐరోపాలో మాత్రం ఇది దశాబ్దాలుగా ఇంటింటి బండి. వారమంతా ఒక్క మనిషి ఆఫీసుకు నడుపుతాడు. శనివారం అదే బండిలో ఐదుగురు, కుక్క, సామాన్లు, వెనక తగిలించిన ట్రైలరు.

ఈ తేడా ఎక్కువగా వెనక ఇరుసు మీదే పడుతుంది. ఉక్కు స్ప్రింగుకు గట్టిదనం స్థిరం. బరువు పెరిగితే అది కుంగుతుంది. బండి తోక నేలకు దిగి, ముందు లైట్లు ఎదుటివాళ్ల కళ్లల్లోకి కొడతాయి. నిండుగా ఉన్నప్పుడు కుంగకూడదని గట్టి స్ప్రింగు వేస్తే, ఖాళీగా ఉన్నప్పుడు కుదుపు. ఖాళీ లారీ గుంతలో పడితే ఎగిరినంతగా నిండు లారీ ఎగరదు. లారీ కమాన్ కట్టను నిండు బరువుకు లెక్కగట్టి వేశారు కాబట్టి. భౌతికశాస్త్ర భాషలో చెప్పాలంటే, స్ప్రింగు ఊగే పౌనఃపున్యం గట్టిదనాన్ని బరువుతో భాగించగా వచ్చినదాని వర్గమూలాన్ని బట్టి ఉంటుంది. బరువు ఒకటిన్నర రెట్లయితే ఊగే వేగం సుమారు 18 శాతం తగ్గుతుంది. ఈ బరువుకు సరిపోయిన స్ప్రింగు ఆ బరువుకు సరిపోదన్నమాట.

దీనికి ఒక్కో కంపెనీ ఒక్కో దారి వెతికింది. 1977లో మెర్సిడెస్ చూపించిన డబ్ల్యూ123 తరం వ్యాగన్‌లో ఉక్కు స్ప్రింగులతో పాటు, వెనక ఎత్తును తనంతట తానే సర్దుకునే నూనె-గ్యాస్ ఏర్పాటు అన్ని బండ్లకూ ఇచ్చారు. వోల్వో వ్యాగన్లలో నివోమ్యాట్ అనే షాక్ అబ్జార్బర్ దొరికేది. రోడ్డు కుదుపులతోనే లోపలి నూనెను పంపు చేసుకుని బండిని పైకి లేపుతుంది. బయటి పంపు అక్కర్లేదు. తెలివైన వస్తువే గానీ ఖరీదెక్కువ. అది పాడయ్యాక డబ్బు మిగుల్చుకుందామని మామూలు షాక్ అబ్జార్బర్లు బిగించినవాళ్లు, బండి తోక దిగిపోతోందేమిటా అని తల పట్టుకుంటారు. నివోమ్యాట్ కొంత బరువు మోస్తుంది కనుక ఆ బండికి కంపెనీ మెత్తటి స్ప్రింగులే వేసి ఉంటుంది. మార్చితే స్ప్రింగులతో సహా మార్చాలి.

సిట్రోయెన్ మాత్రం ఉక్కు స్ప్రింగునే తీసేసింది.

నూనె మీద కూర్చున్న గ్యాస్

ఇంజనీరింగు పట్టా లేని పాల్ మజెస్ అనే ఉద్యోగి సిట్రోయెన్‌లో దీన్ని రూపొందించారు. 1954లో ఒక మోడల్ వెనక ఇరుసుకు అమర్చి చూశారు. 1955 అక్టోబరులో ప్యారిస్ మోటార్ షోలో విడుదలైన డీఎస్ కారులో నాలుగు చక్రాలకూ పెట్టారు. దాని వ్యాగన్ రూపం 1958లో బయటికొచ్చింది. తరవాత సీఎక్స్, బీఎక్స్, ఎక్స్ఎమ్, చివరికి సీ5 దాకా ఇదే పద్ధతి. 2017తో ఆ కథ ముగిసింది. 2021 నుంచి మన దేశంలో అమ్ముతున్న సిట్రోయెన్ కార్లలో ఈ ఏర్పాటు లేదు. వాటిలో ఉన్నవి ఉక్కు స్ప్రింగులే.

పని తీరు ఇలా ఉంటుంది. ఒక్కో చక్రం దగ్గర చిన్న ఉక్కు గోళం. కొబ్బరి బోండాం కన్నా చిన్నది, లోపల చోటు సుమారు 400 మిల్లీలీటర్లు. మధ్యలో రబ్బరు పొర. పొరకు ఒకవైపు నైట్రోజన్, మరోవైపు నూనె. చక్రం పైకి లేస్తే అది ఒక పిస్టన్‌ను నెడుతుంది, పిస్టన్ నూనెను నెడుతుంది, నూనె పొరను నెడుతుంది, గ్యాస్ నలుగుతుంది. నూనె నలగదు కాబట్టి అది కేవలం మధ్యవర్తి. స్ప్రింగు గ్యాసే. గోళం మెడలో ఉన్న సన్నని రంధ్రాలే షాక్ అబ్జార్బర్.

ఇక బండి వంగితే? ఇరుసుకు తగిలించిన ఒక వాల్వు ఎత్తును కనిపెడుతూ ఉంటుంది. సామాను పెట్టాక వెనక దిగితే వాల్వు తెరుచుకుని, ఇంజిన్ తిప్పే పంపు నుంచి నూనె వస్తుంది. బండి లేచి పాత ఎత్తుకు చేరగానే వాల్వు మూసుకుంటుంది. గుంతలకు స్పందించకుండా ఈ వాల్వు కావాలనే మందకొడిగా పనిచేస్తుంది. బీఎక్స్‌లో వెనక సిలిండర్లు, గోళాలు అడ్డంగా పడుకుని ఉంటాయి. కాబట్టి డిక్కీలోకి షాక్ అబ్జార్బర్ గూళ్లు పొడుచుకురావు. సామాను పెట్టే నేల వెడల్పుగా, చదునుగా ఉంటుంది. వ్యాగన్ కొనేవాడికి కావలసింది అదే కదా.

ఇప్పుడు లెక్క. సులభంగా ఉండేందుకు గోళంలో 400 మిల్లీలీటర్ల నైట్రోజన్‌ను 40 బార్ పీడనంతో నింపారనుకుందాం. పీడనాన్నీ ఘనపరిమాణాన్నీ గుణిస్తే 16,000. ఉష్ణోగ్రత మారనంతసేపూ ఈ సంఖ్య మారదు. ఇదే బాయిల్ నియమం. ఖాళీ బండి బరువుకు నూనె పీడనం 80 బార్ అయితే గ్యాస్ 200 మిల్లీలీటర్లకు నలుగుతుంది. ఆ స్థితిలో ఇంకో మిల్లీలీటరు నూనె లోపలికి నెడితే పీడనం 0.4 బార్ పెరుగుతుంది. దాన్నే గట్టిదనానికి కొలతగా తీసుకుందాం. బండి నింపాక పీడనం 120 బార్‌కు చేరితే గ్యాస్ 133 మిల్లీలీటర్లవుతుంది, గట్టిదనం 0.9. బరువు ఒకటిన్నర రెట్లయితే గట్టిదనం రెండుంపావు రెట్లయింది. ఈ బండ్లలో బరువు మారినా ఊగే వేగం అస్సలు మారదని కొన్నిచోట్ల రాస్తుంటారు. అది నిజం కాదు. వేగం 22 శాతం దాకా పెరుగుతుంది. బరువుకు తగ్గట్టు మరీ ఎక్కువగానే గట్టిపడుతుంది. అయినా మొదలే చాలా మెత్తన కాబట్టి ఆ పెరుగుదల ప్రయాణికుడికి బాధ కలిగించదు.

ఇంతవరకూ మంచి కథే. అసలు సంగతి రబ్బరు పొర దగ్గర మొదలవుతుంది.

పుట్టినరోజు బెలూన్ మర్నాటికి ఎందుకు వాడిపోతుంది? ఎక్కడా చిల్లు లేదు. గ్యాస్ అణువులు రబ్బరులో కరిగి, అణువుల సందుల్లోంచి మెల్లగా పాక్కుంటూ అవతలికి వెళ్లిపోతాయి. థామస్ గ్రాహమ్ 1866లోనే రబ్బరు గుండా వేర్వేరు వాయువులు ఎంతెంత వేగంగా పోతాయో కొలిచారు. ఆక్సిజన్ కన్నా నైట్రోజన్ నెమ్మది. గోళంలో గాలి కాకుండా నైట్రోజన్ నింపడానికి అదొక కారణం. వేడెక్కిన నూనె దగ్గర పీడనంలో ఉన్న ఆక్సిజన్ ప్రమాదం కావడం, అది రబ్బరును కూడా తినేయడం మరో కారణం. కానీ నెమ్మది అంటే ఆగిపోవడం కాదు. కొన్నేళ్లలో గణనీయమైన భాగం నూనెలోకి జారుకుని, అక్కణ్నుంచి ట్యాంకు మీదుగా గాలిలో కలిసిపోతుంది.

మన గోళంలో సగం గ్యాస్ పోయిందనుకోండి. 16,000 కాస్తా 8,000 అయింది. బండి బరువు మారలేదు కనుక పీడనం 80 బారే ఉండాలి. గ్యాస్ 100 మిల్లీలీటర్లకు నలిగింది. ఉక్కు స్ప్రింగు అయితే ఇక్కడ బండి దిగిపోయేది, యజమాని చూసేవాడు. కానీ ఈ బండిలో ఎత్తు వాల్వు ఊరుకోదు. పోయిన గ్యాస్ స్థానంలో అంత నూనె పోసి బండిని మళ్లీ పాత ఎత్తుకే నిలబెడుతుంది. టేపు పెట్టి కొలిస్తే మిల్లీమీటరు తేడా రాదు. గట్టిదనం మాత్రం 0.4 నుంచి 0.8కి చేరింది. బండి నిండితే 1.8. ఎత్తును కాపాడే వాల్వే జబ్బును కప్పిపెడుతోంది. మా సీనియర్ వెళ్లిన షెడ్డువాళ్లు అబద్ధం చెప్పలేదు. వాళ్లు కొలిచినదాంట్లో జవాబు లేదు, అంతే.

నన్ను ఇంకా ఆశ్చర్యపరిచిన విషయం మరొకటి. టైరులో గాలి పోతున్నకొద్దీ పీడనం తగ్గి, కారడం కూడా నెమ్మదిస్తుంది. ఇక్కడ అలా కాదు. పీడనాన్ని నిర్ణయించేది బండి బరువు. లోపల గ్యాస్ ఎంత మిగిలినా దాన్ని తోసే ఒత్తిడి దాదాపు అంతే ఉంటుంది. అందుకే మొదటి రెండు మూడేళ్లు ఏమీ తెలియదు, చివర్లో ఒక్క చలికాలంలో బండి మారిపోయినట్టు అనిపిస్తుంది. పూర్తిగా గ్యాస్ పోయాక మిగిలే స్ప్రింగులు రెండే: టైరు, సీటులోని స్పాంజి. దెబ్బలన్నీ వెనక చక్రాల చేతుల బేరింగుల మీదా, నూనె గొట్టాల మీదా పడతాయి. బేరింగులు అరిగితే వెనక చక్రాలు పైభాగంలో లోపలికి వాలి కనిపిస్తాయి. గోళం ధరతో పోయేది పెద్ద మరమ్మతుకు దారి తీస్తుంది.

ఐదో గోళం, బ్రేకులు

కుదుపు సంగతి పక్కన పెడితే, ఫోన్‌లో నన్ను కంగారు పెట్టింది ఐదో గోళం. ఇంజిన్ దగ్గర ఉండే ఇది ఏ చక్రానికీ చెందదు. పంపు తోసిన నూనెను పీడనంతో దాచిపెట్టే నిల్వ గోళం ఇది. ఈ కార్లలో బ్రేకులు కూడా ఇదే నూనెతో పనిచేస్తాయి. ముందు బ్రేకులకు ప్రధాన నిల్వ నుంచి, వెనక బ్రేకులకు వెనక సస్పెన్షన్ నుంచి పీడనం అందుతుంది. రెండోది చాలా అందమైన ఆలోచన. వెనక ఎంత బరువుంటే అక్కడి నూనె పీడనం అంత ఎక్కువ, బ్రేకు అంత బలంగా పడుతుంది. వ్యాగన్‌కు ఇంతకన్నా తగిన ఏర్పాటు ఉండదు.

నిల్వ గోళంలో 62 బార్ దగ్గర నైట్రోజన్ నింపుతారు. పంపు 170 బార్ దాకా నూనె తోసి ఆగుతుంది, 145కి పడిపోతే మళ్లీ మొదలెడుతుంది. ఆ మొదలయ్యేటప్పుడు చిన్న ‘టిక్’ శబ్దం వస్తుంది. బాయిల్ లెక్క ప్రకారం ఈ రెండు పీడనాల మధ్య గోళం ఇచ్చే నూనె సుమారు 25 మిల్లీలీటర్లు. నైట్రోజన్ 20 బార్‌కు పడిపోయి ఉంటే 8 మిల్లీలీటర్లే. అంటే టిక్కుకూ టిక్కుకూ మధ్య వ్యవధి మూడో వంతు అవుతుంది. గోళం విప్పకుండా, ఏ పరికరమూ లేకుండా, చేతి గడియారంతో లోపలి గ్యాస్‌ను కొలవొచ్చు!

“అన్నా, ఇంజిన్ వేసి, బ్రేకు తొక్కకుండా, టిక్కులు లెక్కపెట్టండి” అన్నాను. ఆయన ఫోన్ పట్టుకుని కిందికి దిగారు. జర్మనీ చలిలో బానెట్ ఎత్తిన శబ్దం వినిపించింది. టిక్. నాలుగు లెక్కపెట్టేలోగా మళ్లీ టిక్. అర నిమిషం దాటి వస్తే నిశ్చింతగా ఉండొచ్చు. నాలుగు సెకన్లంటే గోళం దాదాపు అయిపోయినట్టే. పంపో వాల్వులో లోలోపల నూనె కారుతున్నా వ్యవధి తగ్గుతుంది, నిజమే. కానీ ముందు అనుమానించాల్సింది గోళాన్నే.

ఆల్ప్స్ దిగుడులో ఇంజిన్ ఆగిపోతే ఆ నిల్వే ఆధారం. ఆరోగ్యంగా ఉన్న గోళం 145 నుంచి 62 బార్‌కు పడేలోపు 229 మిల్లీలీటర్ల నూనె ఇస్తుంది. 20 బార్ గోళం ఇచ్చేది 74. ఎన్నిసార్లు బ్రేకు తొక్కగలమన్న ప్రశ్న ఈ రెండు సంఖ్యల మధ్య ఉంది. ప్రయాణం వాయిదా వేయమని నేను చెప్పనక్కర్లేకపోయింది.

సస్పెన్షన్ గోళాలకు పరీక్ష ఇంకా తేలిక. ఇంజిన్ నడుస్తుండగా డిక్కీ అంచును రెండు చేతులతో గట్టిగా నొక్కాలి. మెత్తగా దిగి మెల్లగా లేస్తే గ్యాస్ ఉన్నట్టు. రాయి మీద చెయ్యి వేసినట్టుంటే లేనట్టు.

పాత గోళాల్లో కొన్నిటికి మరలు ఉంటాయి. పొర చిరగకపోతే నిపుణులు మళ్లీ నైట్రోజన్ నింపి ఇస్తారు. పొర చిరిగితే నూనె అవతలికి చేరుతుంది, ఇక నింపి లాభం లేదు. కొత్తది కొనేటప్పుడు చాలామంది అడగని ప్రశ్న ఒకటి ఉంది: దీన్లో గ్యాస్ నింపింది ఎప్పుడు? గ్యాస్ జారుకోవడానికి కిలోమీటర్లతో పని లేదు. షాపు అరలో పదేళ్లు కూర్చున్న ‘సరికొత్త’ గోళం కూడా కొంత ఖాళీ అయ్యే ఉంటుంది. ఇంజిన్ వేడి తగిలే గోళానికి ఆయుష్షు ఇంకా తక్కువ. వేడికి రబ్బరు సందులు అణువులకు మరింత దారిస్తాయి. తరవాతి మోడళ్లలో పొరను అనేక పొరలుగా చేశాక ఆయుష్షు బాగా పెరిగింది.

సొంతంగా మార్చుకునేవాళ్లు ముందు పీడనం వదిలేయాలి. వదలగానే బండి నేల మీదికి దిగుతుంది. ఒట్టి జాకీ నమ్ముకుని, ఉక్కు స్టాండ్లు పెట్టకుండా కిందికి దూరితే ప్రాణం పోతుంది. అలాగే ఉప్పు చల్లిన శీతాకాలపు రోడ్లు వెనక నూనె గొట్టాలను తుప్పుపట్టిస్తాయి. సూది మొనంత రంధ్రం నుంచి 170 బార్‌తో వచ్చే ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోగలదు. కారుతోందా అని వేలుతో తడిమి చూడకండి, అట్టముక్క పట్టండి. కొత్త గోళాన్ని మాత్రం చేత్తో బిగిస్తే చాలు. లోపలి పీడనమే సీలును ఒత్తి పట్టి ఉంచుతుంది. స్పానరు పెట్టి బలం చూపిస్తే, మళ్లీ విప్పే రోజున ఏడుపే.

నూనె రంగు కూడా మరవకూడదు. డీఎస్ తొలి రోజుల్లో ఎర్రటి ద్రవం వాడారు. 1966 నుంచి ఆకుపచ్చ ఖనిజ నూనె వచ్చింది. సీ5లో నారింజ రంగుది. ఒకదాని సీళ్లు మరోదాన్ని తట్టుకోలేవు. అన్నిటికన్నా ఘోరం, ఆకుపచ్చ నూనె తగ్గిందని మామూలు బ్రేక్ ఆయిల్ పోయడం. అది రబ్బరు సీళ్లను ఉబ్బించి మొత్తం వ్యవస్థను పాడు చేస్తుంది. బ్రేకుకు బ్రేక్ ఆయిలే కదా పోయాలి అని మంచి మెకానిక్కులు కూడా పొరబడ్డ చోటు ఇది.

గ్యాస్ వ్యవహారం ఈ ఒక్క కంపెనీతో ఆగదు. ఏ వ్యాగన్ అయినా వెనక బరువైన తలుపును పట్టి ఉంచేవి రెండు గ్యాస్ కడ్డీలు. వాటిలోనూ నైట్రోజనే. 27 డిగ్రీల వేసవిలో పనిచేసిన కడ్డీకి మైనస్ 13 డిగ్రీల చలిలో బలం సుమారు 13 శాతం తగ్గుతుంది. 300 కెల్విన్‌లు 260 అవుతాయి, పీడనమూ అదే నిష్పత్తిలో పడుతుంది. అంతకుముందే కాస్త కారిన కడ్డీ అయితే ఆ 13 శాతమే చాలు, తలుపు నెత్తిన పడుతుంది. హైదరాబాద్ నుంచి వెళ్లి మొదటి చలికాలం చూస్తున్నవాళ్లు సామాను దించేటప్పుడు తలుపు కింద నిలబడకుండా ఉంటే మంచిది.

మా సీనియర్ ఐదు గోళాలూ మార్పించారు. పనికి ఒక పూట పట్టింది. తీసినవాటిలో రెండింట్లో గ్యాస్ అన్నది లేనే లేదు. మూడు వారాల తరవాత ఇటలీ వైపు కొండ దిగి ఒక పెట్రోలు బంకు దగ్గర ఆగి, ఇంజిన్ ఆపకుండానే నాకు మెసేజ్ పెట్టారు: “నలభై రెండు సెకన్లురా. పిల్లలు నిద్రపోతున్నారు.”